కర్రకా, కాలికా?

శ్రీపతి అందరికంటే ఎక్కువ ముద్దు చేసిన పిల్లే ఆటకి రావడం మానేసింది.

అతనికి మింగుడుపడని సంగతి అదే. అతను తిట్టినవాళ్ళు వస్తున్నారు. చెవి మెలేసినవాళ్ళు ఇంకా ముందుగా వస్తున్నారు. తను పల్లెత్తు మాట అనని సత్యవేణి మాత్రం సాయంత్రం గంట కొట్టేసరికి వసారాలో గోడవైపు తిరిగి కూర్చుంటోంది. అడిగితే "కాలు నొప్పండి" అంటోంది. పైగా వాళ్ళమ్మకి ఫోను చేసి, ఆదివారం వచ్చి తనని ఇంటికి తీసుకుపొమ్మని చెప్పేసింది.

ఆ మాట తెలిసిన దగ్గర్నుంచీ శ్రీపతికి కాలు నిలవలేదు. తిన్నగా గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

గురువుగారి పేరు సోమయ్య. గౌతమి ఏటిగట్టు పక్కన, కొబ్బరితోటల మధ్య ఆయన ఆశ్రమం. ఆశ్రమం అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు పెంకుటిళ్ళు, ఒక వంటపాక, పిల్లలు పడుకునే పొడుగాటి వసారా, ముందు ఊడ్చిన ఇసకనేల. అంతే. నడవలేని పిల్లలు, చూపులేని పిల్లలు, చెవులు వినబడని పిల్లలు, ఏ లోపమూ లేకపోయినా అల్లరితో ఇంట్లోవాళ్ళని విసిగించిన పిల్లలు, అందరూ అక్కడే ఉండి ఊరి బడిలో చదువుకుంటారు.

గురువుగారు వేదాంతం బాగా చెబుతారని చుట్టుపక్కల పేరుంది గాని, చెప్పగా విన్నవాళ్ళు తక్కువ. ఎవరైనా మోక్షం గురించి అడగడానికి వస్తే వాళ్ళచేత కొబ్బరికాయలు ఒలిపిస్తారు. చాలామంది రెండోసారి రారు.

శ్రీపతి రెండోసారి కూడా వచ్చినవాడు. వ్యాయామ విద్య చదివాడు. మేష్టరు ఉద్యోగం చూసుకోకుండా ఇక్కడే ఉండిపోయాడు. అతను రాకముందు సాయంకాలాలు పరిగెత్తగలిగినవాళ్ళు ఆడుకునేవాళ్ళు, మిగతావాళ్ళు అరుగుమీద కూర్చుని చూసేవాళ్ళు. శ్రీపతి ఆ అరుగు ఖాళీ చేయించాడు. చూపులేని ఏసుబాబు కోసం గుడ్డబంతిలో గజ్జెలు పెట్టి కుట్టాడు. చెవులు వినబడనివాళ్ళ కోసం ఎవరైనా అవుటైతే ఎర్రగుడ్డ ఊపే ఏర్పాటు చేశాడు. ఏసుబాబు ఇప్పుడు అడుగుల చప్పుడునిబట్టి ఎంత గురిగా విసురుతాడంటే, వాణ్ణి తమ జట్టులో వేసుకోవడానికి చూపున్నవాళ్ళే దెబ్బలాడుకుంటారు.

ఇంత చేసినవాడు సత్యవేణి దగ్గర ఎందుకు తప్పటడుగు వేశాడంటే, భయంవల్ల.

ఆ పిల్లకి ఎడమకాలు పుట్టుకతోనే బలం లేదు. రెండు చంకకర్రలతో నడుస్తుంది. వచ్చిన కొత్తలో ఏడుపెంకులాట ఆడింది. పేర్చిన పెంకుల్ని ఒక జట్టు బంతితో కూలగొట్టడం, మళ్ళీ పేర్చేలోగా రెండో జట్టు వాళ్ళని అదే బంతితో కొట్టి అవుట్ చెయ్యడం, ఇదీ ఆట. పెంకులు పేరుస్తూ సత్యవేణి పడిపోయింది. మోకాలు చెక్కుకుపోయి నెత్తురొచ్చింది. ఆ పిల్ల ఏడవలేదు గాని, శ్రీపతి ఆ పూట అన్నం తినలేకపోయాడు.

మర్నాడే సత్యవేణిని అరటిపండు చేసేశాడు.

చిన్నప్పుడు మనమంతా ఎవర్నో ఒకర్ని ఆటలో అరటిపండు చేసినవాళ్ళమే. నేనూ వస్తానని వెంటపడి ఏడ్చే తమ్ముణ్ణి చేర్చుకుంటాం. వాడిమీద బంతి వెయ్యం. వాడు అవుటవడు. వాడివల్ల గెలుపూ లేదు, ఓటమీ లేదు. వాడు మాత్రం తెగ ఆడేస్తున్నాననుకుని మన మధ్య పరిగెడుతుంటాడు. ఆ తమ్ముడికి నాలుగేళ్ళుంటాయి. సత్యవేణికి పదమూడు.

"ఆ పిల్లకి నేనేం తక్కువ చేశాను గురువుగారూ?" అన్నాడు శ్రీపతి. "ఒక్క బంతి తగలనివ్వలేదు. పెంకులు పడిపోతుంటే నేనే వెళ్ళి పేర్చి, సత్యవేణి గెలిచిందని చెప్పాను. పిల్లలచేత చప్పట్లు కొట్టించాను. అయినా వెళ్ళిపోతానంటోంది."

గురువుగారు కొబ్బరి ఈనెలు గీస్తున్నారు. కత్తి ఆపకుండానే అడిగారు.

"చప్పట్లు గట్టిగా కొట్టారా?"

"గట్టిగానే కొట్టారండి."

"ఊఁ" అన్నారు గురువుగారు. కాసేపు ఈనె గీసి, "రేపు వంట వంతెవరిది?" అన్నారు.

"నాదేనండి. రేపూ, ఎల్లుండీ."

"మంచిది. వెళ్ళి పడుకో."

శ్రీపతికి ఒళ్ళు మండింది. ఒక పిల్ల ఇల్లొదిలి పోతుంటే ఈయనకి కూడుగోల ఏమిటనుకున్నాడు. పైకి మాత్రం అనలేదు.

ఆ ఆశ్రమంలో భోజనాల దగ్గర ఒక ఆచారం ఉంది. వంట వంతులవారీగా చేస్తారు. తిన్నవాళ్ళు విస్తరి ముందునుంచి లేచేలోగా తలా ఒక వంక పెట్టాలి. ఉన్న వంకే పెట్టాలి, లేనిది కల్పించకూడదు. శ్రీపతి వంతు వచ్చిందంటే పిల్లలకి పండగే. "ఇది పులుసాండి, కాలవనీళ్ళాండి?" అని ఒకడు. "అన్నం మెతుకులు నాతో మాట్లాడుతున్నాయండి, ఇంకా ఉడకలేదంటున్నాయి" అని ఏసుబాబు. గురువుగారైతే ఇంకా ఘోరం. ఒకసారి అతను చేసిన దోసకాయ పప్పు నోట్లో పెట్టుకుని, "ఈ దోసకాయ ఏం పాపం చేసింది నాయనా?" అన్నారు. శ్రీపతి మూతి ముడుచుకునేవాడు గాని, లోలోపల ఆ మాటలంటే అతనికి ఇష్టమే. మళ్ళీ వంతు వచ్చేసరికి ఎవరేమన్నారో గుర్తుపెట్టుకుని వండేవాడు.

మర్నాడు శ్రీపతి మనసు మనసులో లేదు. పప్పుచారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు. వడ్డించాక ఎప్పటిలాగే చేతులు కట్టుకుని, వంకల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

ఎవరూ మాట్లాడలేదు. అందరూ తలొంచుకుని తిన్నారు.

"బాగుందండి" అన్నాడు ఏసుబాబు, ఇంటికొచ్చిన చుట్టంలాగ.

"చాలా బాగుంది నాయనా" అన్నారు గురువుగారు చెయ్యి కడుక్కుంటూ. పిల్లలు చప్పట్లు కొట్టారు. సత్యవేణి మాత్రం కొట్టలేదు. ఒక్కసారి శ్రీపతి ముఖంలోకి చూసి తల దించుకుంది.

వాళ్ళు వెళ్ళాక శ్రీపతి తను వడ్డించుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అందులో ఉప్పన్నదే లేదు. ఇంత చప్పిడి చారు తిని వీళ్ళు మెచ్చుకోవడమేమిటని అతనికి ఏదోలా అయింది. గురువుగారికి ఒంట్లో బాగాలేదేమోనని కూడా అనుమానం వచ్చింది.

రెండోరోజు కావాలనే వంకాయకూరలో ఉప్పు రెండింతలు వేశాడు. ఈసారి ఎలా ఊరుకుంటారో చూద్దామనుకున్నాడు.

పిల్లల కళ్ళు నీళ్ళు తిరిగాయి. గ్లాసుల మీద గ్లాసులు నీళ్ళు తాగారు. తాగి, "బాగుందండి" అన్నారు. చప్పట్లు కొట్టారు. గురువుగారు మారు వడ్డించుకున్నారు.

శ్రీపతి ఇంక ఆగలేకపోయాడు. పిల్లలు లేచి వెళ్ళేదాకా ఎలాగో ఓర్చుకుని, గురువుగారి విస్తరి ముందు కూలబడ్డాడు.

"గురువుగారూ, అది ఉప్పు కషాయం. నాకు తెలుసు. ఎందుకండి తింటున్నారు? నన్ను తిట్టండి."

"తిట్టడమెందుకు నాయనా?" అన్నారు గురువుగారు ఎంతో ప్రేమగా. "నీకు వంట రాదు, పాపం. ఏదో నీకు చేతనైనట్టు చేస్తున్నావు. నిన్ను కష్టపెట్టడం దేనికి? పిల్లలకి కూడా నేనే చెప్పాను, శ్రీపతి వంటకి వంక పెట్టొద్దని."

ఆ పాపం అన్న మాట శ్రీపతికి ఎక్కడో తగిలింది. ముఖం ఎర్రబడింది.

"నాకు రాదని ఎవరన్నారండి? నిరుడు పనసపొట్టు కూర నేను వండితే గిన్నె నాకారు. ఒక్క వంక పెట్టడానికైనా పనికిరానంత కానివాణ్ణయిపోయానా? చెయ్యి కాల్చుకుని వండేది నేను కాదా? ఈ ఇంట్లో నేను మనిషినా, లేకపోతే అరటి..."

మాట సగంలో ఆగిపోయింది.

గురువుగారు చెంబెత్తి గడగడా నీళ్ళు తాగారు. ఆయాసపడి, ఇంకో చెంబు అందుకున్నారు. ఆయనకి బాగానే దాహమైనట్టుంది.

శ్రీపతి చాలాసేపు ఎంగిలి విస్తళ్ళ మధ్యే కూర్చున్నాడు. తర్వాత లేచి వసారాలోకి వెళ్ళి, సత్యవేణి పక్కన గోడకి జారగిలబడ్డాడు.

ఆ పిల్ల ఇటు తిరగలేదు. అటు చూస్తూనే అంది.

"కూర ఉప్పండి మాస్టారూ. నాలిక మొద్దుబారిపోయింది. అనొద్దన్నారు గురువుగారు, నాకే ఉండబట్టలేదు."

ఈ రెండు రోజుల్లో మొదటిసారిగా శ్రీపతికి ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆదివారం ఆటకి వస్తావా?"

"ఆదివారం మా అమ్మ వస్తుందండి."

"సాయంత్రం కదా వచ్చేది. ఆడి వెళ్ళు."

"అరటిపండుగానాండి?"

"కాదు. బంతి తగిలితే అవుటే. పెంకులు నువ్వే పేర్చుకోవాలి. పడితే నేను పరిగెత్తుకు రాను. నువ్వు పిలిస్తేనే వస్తాను."

సత్యవేణి మెల్లగా ఇటు తిరిగింది. నిజమే చెబుతున్నాడా అన్నట్టు అతన్ని ఎగాదిగా చూసింది. చూసి, బేరం మొదలుపెట్టింది.

"కర్రకి తగిలితే అవుట్ కాదు."

"ఎందుక్కాదు?"

"కర్ర నేను కాదు కదండి."

శ్రీపతి ఒప్పుకోబోయాడు. అప్పటికే ఏసుబాబు ఆ మాటలు విని తడుముకుంటూ వచ్చేశాడు. బేరమాడే చోట ఏసుబాబు లేకుండా ఉండడు.

"అయితే కర్రెట్టి బంతిని కొట్టెయ్యకూడదు" అన్నాడు వాడు.

"కొట్టన్లే. పెంకులు పేర్చేటప్పుడు ఒక కర్ర కింద పడేస్తాను. అది ఎవరూ తియ్యకూడదు."

"నేను దానిమీద పడి మూతి పగలగొట్టుకుంటే?"

సత్యవేణి ఆలోచించింది. "పడేసేముందు దాన్ని నేలకేసి కొడతాను. చప్పుడు విని పక్కనుంచి పో."

"అట్టాగైతే సరే."

ఇంతకాలం శ్రీపతి ఒక్కడే కూర్చుని ఆ పిల్ల కోసం నియమాలు ఆలోచించాడు. ఆ పిల్లనే అడగాలని అతనికి తట్టలేదు. అది తలుచుకుని అతనికి సిగ్గేసింది.

ఆదివారం ఆట మొదలైంది. ఒక జట్టులో ఒకడు తక్కువయ్యాడని శ్రీపతి కూడా దిగాడు. సత్యవేణి అవతలి జట్టు. గురువుగారు అరుగుమీద చాప పరుచుకుని కూర్చున్నారు.

మొదటి బంతి సత్యవేణే విసిరింది. ఒక కర్రమీద ఆనుకుని, రెండోచేత్తో గట్టిగా విసిరింది. బంతి పెంకులకి దూరంగా, తులసికోట దాకా పోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఏం విసురుడే అది, మా నాయనమ్మ నయం" అన్నాడు ఆ పిల్ల జట్టులోవాడే.

శ్రీపతి వాణ్ణి మందలించబోయి ఆగాడు. సత్యవేణి మాత్రం, "గాలేసిందిరా" అని సాకు చెప్పి, ఇంకో బంతి అడిగింది. మూడో బంతికి పెంకులు కూలాయి.

ఆ తర్వాత ఇసకంతా రేగిపోయింది. పేర్చబోయినవాళ్ళు ఒక్కొక్కరే అవుటవుతున్నారు. ఎర్రగుడ్డ ఊగుతోంది. సత్యవేణి సందు చూసుకుని పెంకుల దగ్గరికి చేరింది. ఒక కర్రని నేలకేసి కొట్టి పడేసింది. రెండో కర్ర చంకలో పెట్టుకుని, వంగి, పెంకుమీద పెంకు పెట్టడం మొదలుపెట్టింది. పెంకులు నిలబడుతున్నాయి.

అప్పుడే బంతి శ్రీపతి చేతిలోకి వచ్చింది.

సత్యవేణి అతనికి ఎదురుగానే ఉంది. కొడితే తగులుతుంది. "వెయ్యండి మాస్టారూ" అని అతని జట్టు అరుస్తోంది. శ్రీపతి చెయ్యి లేవలేదు. చెక్కుకుపోయిన ఆ మోకాలు ఇంకా నల్లగా మచ్చకట్టి కనిపిస్తూనే ఉంది.

సత్యవేణి తలెత్తి చూసింది. అతని చేతిలో బంతి చూసింది, అతని ముఖమూ చూసింది.

"ఏంటండి ఆలోచిస్తున్నారు?" అంది కోపంగా.

శ్రీపతి విసిరాడు.

గజ్జెలు ఘల్లుమన్నాయి. సత్యవేణి తూలి, ఇసకలో చతికిలబడింది. పెంకులు కూలిపోయాయి.

సరిగ్గా అదే క్షణంలో గేటు తీసుకుని వాళ్ళమ్మ పల్లాలమ్మ లోపలికి వచ్చింది. రొయ్యల చెరువుల దగ్గర పని దిగి, అలాగే బస్సెక్కి వచ్చిన మనిషి. పిల్ల బట్టలు సర్దుకుపోవడానికి తెచ్చిన ఖాళీ సంచీ చేతిలోంచి జారిపోయింది.

"ఏంటండి ఇది? కాల్లేని పిల్లని బంతెట్టి కొడతారా?" అంటూ వచ్చింది. "ఇందుకాండి మీ చేతుల్లో ఎట్టెల్లాను? ఇంట్లో దాన్ని ఈగ వాలనివ్వకుండా చూసుకుంటన్నానండి నేను."

శ్రీపతి పిల్లని లేవదీద్దామని ఒక అడుగు ముందుకు వేశాడు. సత్యవేణి పిలవలేదు. వేసిన అడుగు అక్కడే ఆపుకున్నాడు.

సత్యవేణి వాళ్ళమ్మవైపు చూడనే లేదు. చూసే తీరిక ఆ పిల్లకి లేదు.

"నేను అవుట్ కాలేదు" అంది ఇసకలో కూర్చునే. "కర్రకి తగిలింది. కర్రకి తగిలితే లెక్క లేదని ముందే అనుకున్నాం."

"కర్రకి తగిల్తే టక్కుమంటదే" అన్నాడు ఏసుబాబు. "దబ్బుమంది. నాకినబడింది. కాలికే తగిలింది."

"నువ్వు మాస్టారి జట్టు. నీ చెవులు చెల్లవు."

"నా చెవులు చెల్లకపోతే ఇంకెవరివి చెల్లుతాయే?"

ఇక అందరూ మీద పడ్డారు. కర్రకని ఒక జట్టు, కాలికని ఒక జట్టు. వినబడనివాళ్ళు చేతులతో దెబ్బలాడుకుంటున్నారు. ఎర్రగుడ్డ ఒకడు ఊపితే ఇంకొకడు లాక్కున్నాడు. శ్రీపతిని అడుగుదామంటే అతనూ ఆటలోనే ఉన్నాడు. అందరూ కలిసి అరుగుమీదికి చూశారు.

"నేను చూడలేదమ్మా. కునుకు పట్టింది" అన్నారు గురువుగారు.

అంత పచ్చి అబద్ధం ఆ ఆశ్రమంలో అంతకుముందెవరూ ఆడి ఉండరు. అది ఆడేసి, ఆయన పల్లాలమ్మవైపు తిరిగారు.

"ఏ జట్టులోనూ లేనిదానివి నువ్వొక్కదానివే తల్లీ. గేటు దగ్గరనుంచి సూటిగా చూశావు. కర్రకి తగిలిందా, కాలికా?"

పల్లాలమ్మ కూతురివైపు చూసింది.

జడ ఊడిపోయింది ఆ పిల్లకి. చెంపనిండా ఇసక. ఏసుబాబుకి వేలు చూపించి ఇంకా ఏదో అంటూనే ఉంది. ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటుకి పోయే పిల్ల అది. ఏదైనా కావాలంటే తల్లి చెవిలో చెప్పే పిల్ల. ఇప్పుడు దాని గొంతు ఏటిగట్టు దాకా వినబడుతోంది.

"చెప్పవే అమ్మా" అంది సత్యవేణి. "కర్రకే కదా?"

ఆ అడగడంలో బతిమాలుకోవడం లేదు. చెప్పకపోతే నీ సంగతి చూస్తానన్నట్టుంది.

పిల్లలంతా పల్లాలమ్మ నోటివైపే చూస్తున్నారు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఒకసారి కర్రవైపు చూసింది, ఒకసారి కాలివైపు చూసింది.

"కాలికేనమ్మా" అంది. "నేను చూశాను."

ఏసుబాబు జట్టు గంతులేసింది. ఎర్రగుడ్డ పైకి లేచింది.

"నువ్వు మా అమ్మవేనా అసలు?" అంది సత్యవేణి. పడేసిన కర్ర విసురుగా అందుకుని, రెండో కర్రమీద బలం పెట్టి లేచింది. ఎవరూ సాయం వెళ్ళలేదు. వెళ్ళాలని ఎవరికీ తోచలేదు కూడా. గీతకి అవతల, అంతకుముందు అవుటైనవాళ్ళ పక్కన దబ్బున కూర్చుంది. కూర్చున్న మరుక్షణంనుంచీ, ఇంకా లోపలున్న తన జట్టువాళ్ళని ఎటు పరిగెత్తాలో చెబుతూ కేకలేయడం మొదలుపెట్టింది.

శ్రీపతి ఇసకలోంచి బంతి తీసి దులిపి, మళ్ళీ ఆటలోకి వెళ్ళిపోయాడు.

గురువుగారు చాపమీద కాస్త పక్కకి జరిగారు. పల్లాలమ్మ గేటు దగ్గర పడిన ఖాళీ సంచీ తెచ్చుకుని, అరుగుమీద కూర్చుంది. సంచీని ఒళ్ళో పెట్టుకుని మడత మీద మడత పెడుతోంది. చూపు మాత్రం ఆటమీదనుంచి తిప్పడం లేదు.

"మీ బస్సు ఎన్నింటికమ్మా?" అన్నారు గురువుగారు.

"నేనొక్కదాన్నే గదండి" అంది పల్లాలమ్మ. "ఏదో ఒక ఆటో దొరుకుద్ది."